పెట్టెలలో వచ్చు రథము

గత మాసమున వానకాలమందు బియ్యమునకు పురుగు పట్టకుండ కాపాడుకొను ఉపాయములను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున దసరా బొమ్మల కొలువును గూర్చి వ్రాయుదునని మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. ఇంతలో నొక సంసారమున చిక్కు వచ్చి నా కలము నటు లాగినది. ఆ చిక్కు మోటారు బండిని గూర్చినది. మన పుటలలో మోటారు బండ్ల ప్రసంగమేల యని మీరు ముక్కుపై వ్రేలు వేసికొందురేమో! చివరివరకు చదివితిరేని, ఇది బండి మాట కాదనియు, ఆలుమగల మాటయనియు మీకే తోచును.

మా అక్కకూతురు ఇంగ్లండున కాపురమున్నది. అక్కడ నొక వైద్యశాలలో మందులిచ్చు ఉద్యోగము చేయుచున్నది. అల్లుడు కంప్యూటరు కొలువున నున్నాడు. వారికి నాలుగేండ్ల పాప కలదు. ఎనిమిదేండ్లుగ అద్దెయింట నుండి, సొంత యింటికని పౌను పౌను కూడబెట్టిరి. ఆ సొమ్ము నేటికి 46,000 పౌనులైనదట. పదునైదు దినముల క్రిందట ఆ పిల్ల నాకిట్లు వ్రాసినది.

“పిన్నీ, ఆయనకు వెఱ్ఱి పట్టినది. పందెములలో పరుగెత్తు కారువంటి బండి నొకదానిని కొందునని కూర్చున్నారు. అదియు తయారైన బండి కాదు. ముక్కలు ముక్కలుగ పెట్టెలలో వచ్చునట, తానే బిగించుకొనునట! పైకప్పు లేదు, పాపకు చోటు లేదు. వేసిన లెక్క 34,000 పౌనులు. ఇంటికై దాచినదానిలో ముప్పాతిక భాగము దానికే పోవును. నీ మాటయన్న ఆయనకు గురి. వలదని నీవొక్క ముక్క వ్రాయుము.”

మన రూపాయలలో ముప్పదియైదు లక్షలు దాటిన సొమ్ము! చదువగనే నా గుండె ఝల్లుమన్నది. ఆ క్షణముననే కాగితము తీసి, “నాయనా, సంసారి చేయవలసిన పని కాదు” అని మొదలుపెట్టితిని. మావారు పిల్లల కాపీ పుస్తకములు దిద్దుచు, తల యెత్తకయే, “ఆ బండి యెట్టిదో నీకు తెలియునా?” అని యడిగిరి. తెలియదంటిని. “తెలియని దానిని ఔననుట ఎట్లు తప్పో, కాదనుటయు నట్లే తప్పు గదా” అని మరల పుస్తకములలో మునిగిరి. బడిపంతులుగారి భార్యకు ఇట్టి చురకలు నిత్యకృత్యములు. కాగితము చించివైచి, పది దినములు ఆ బండి సంగతి తెలిసికొంటిని. తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాను.

ఇట్టి బండ్లకు మూలపురుషుడని చెప్పదగినవాడు కోలిన్ చాప్‌మన్ అను ఆంగ్లేయుడు. ఆతని తండ్రి లండను నగరమున హారన్సీ యనుచోట పూటకూటి మద్యశాల నడుపుచుండెను. దాని వెనుకనున్న పాత గుఱ్ఱపుసాలలో ఈ యువకుడు పందెపు బండ్లు చేయుచుండెను. 1952 జనవరి 1 వ తేదీన ‘లోటస్ ఇంజనీరింగు’ అను సంస్థ వెలసినది. దాని మూలధనమెంతయో ఎఱుగుదురా? 25 పౌనులు. ఆ 25 పౌనులును అప్పిచ్చినది హేజల్ విలియమ్స్ అను యువతి. ఆమెయే 1954 లో ఆతనిని వివాహమాడినది. చాప్‌మన్ 1982 లో గతించెను. ఆమె 2021 వరకు జీవించినది. లోకమంతయు ఆతని పేరే చెప్పుకొనును. ఇంటి మూల కూడబెట్టిన ఒక ఆడుదాని చిన్న మూట లేనిదే ఆ రథమునకు ఇరుసు కూడ దొరకియుండెడిది కాదు. ఈ సంగతి చదివినపుడు నా చేతిలోని ‘వలదు’ కొంచెము బరువు తగ్గినట్లు తోచినది.

1957 లో లోటస్ వారు ‘సెవెన్’ అను బండిని వెలువరించిరి. పొడవైన ముక్కు, ఇరువురు మాత్రము కూర్చుండు గుంటవంటి చోటు, ఒంటికి వెలుపల వేరుగ నిలిచిన ముందుచక్రములు, వానిపై సైకిలు చక్రమునకున్నట్లు చిన్న రేకులు. ఇంతే దాని రూపము. వారము దినములలో ఐదు దినములు కొలువునకు పోయివచ్చుటకు, ఆదివారమున పందెమునకు దింపుటకు ఒకే బండి పనికి రావలెనని దాని యూహ. అందుచేతనే చూపునకు పందెపు బండియైనను, దీపములు, అంకెపలక, బూర అన్నియు గలిగి వీథిలో తిరుగుటకు చట్టము సమ్మతించునట్టిది.

ఇక ముక్కలుగ నమ్ముట యేల? ఆ కాలమున ఇంగ్లండున తయారైన కారుపై కొనుగోలు పన్ను మెండుగ నుండెను. విడిభాగములకు ఆ పన్ను లేదు. తయారైన సెవెన్ వెల పన్నుతో కూడ 1,036 పౌనులుకాగా, అదే బండి పెట్టెలలో 536 పౌనులకే దొరికినది. ఐతే పన్ను వారొక మెలిక పెట్టిరి. ఎట్లు బిగించవలెనో తెలుపు పత్రము భాగములతో నియ్యరాదు, ఇచ్చినచో పన్ను పడును. చాప్‌మన్ బుద్ధిశాలి. బిగించు పత్రము కూడదన్నారు గాని విప్పు పత్రము కూడదనలేదు గదా! బండిని ఎట్లు విప్పవలెనో వరుసగ వ్రాసి యిచ్చెనట. కొన్నవారు దానిని కొసనుండి మొదటికి చదువుకొని బిగించుకొనిరట. ఆ పన్ను తొలగి 1973 లో వేఱొక పన్ను వచ్చినది. దానితో ముక్కలుగ కొనుటయందలి పెద్ద లాభమును పోయినది. ఆ సంవత్సరముననే లోటస్ వారు సెవెన్‌ను చేయు హక్కులను గ్రహమ్ నియర్న్ అను వర్తకునికి విడిచిరి. ఆతని దుకాణము లండనుకు దక్షిణమున సర్రీ ప్రాంతమందలి కేటర్‌హమ్ అను ఊర నుండుటచే, నాటినుండి ఆ బండికి కేటర్‌హమ్ సెవెన్ అను పేరు స్థిరపడినది. పన్ను లాభము పోయి అర్ధశతాబ్ది గడచినను, జనులు నేటికిని దానిని పెట్టెలలో కొనుచునే యున్నారు. మిగులుబాటు కొఱకు కాదన్నమాట. మఱి దేని కొఱకు? ఈ ప్రశ్నను మీరు మనసున నుంచుకొనుడు. నాకు దాని యుత్తరము తరువాత దొరకినది.

ఆ బండి గుణమంతయు తేలికలో నున్నది. చాప్‌మన్ సిద్ధాంతమే భారము తగ్గించుట. 2021 లో వెలువడిన 170 అను చిన్నరకము 440 కిలోగ్రాములు మాత్రమే తూగునది. అక్కడి సామాన్యపు సంసారుల కారు 1,200 కిలోలకు తక్కువ యుండుట అరుదు. అనగా మూడవవంతు బరువు. ఇంజను కేవలము 660 ఘనసెంటీమీటర్లది, సుజుకి వారిది. ఐనను బరువు లేమిచే బాణమువలె కదలును. కూర్చున్నవారి పిరుదులు నేలకు జానెడెత్తున నుండును. చేయి చాచిన రోడ్డు తగులునా యన్నట్లుండునట. నలోపాఖ్యానమున బాహుకుడు రథము తోలుచుండ, ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయము జారిపడినది గదా! ఆపుమని రాజు నోరు తెఱచునప్పటికే రథము ఆమడ దూరము గడచినది. ఈ బండిలోను పైట నిలుచుట కష్టమేయని మా అమ్మాయి వ్రాత. ఒకనాడామె దానిలో కూర్చుండి చూచినదట. సరే, అది తరువాతి మాట.

వెల సంగతి విడమరచి చూతము. ఇట్టి వస్తువులలో ప్రకటనలో కనబడు వెల వేఱు, చివర చెల్లించు వెల వేఱు. ఇది పట్టుచీర కొని రవికగుడ్డ, అంచు, కుట్టుకూలి తరువాత లెక్కించుకొనుట వంటిది. ఒంటికి రంగు వేయుటకు వేరుసొమ్ము. మంచి ఆసనములకు వేరు. బరువైన ఇంజనును పైకెత్తి దింపు యంత్రమును అద్దెకు తేవలెను. బోల్టు ఎంత బిగువున బిగించవలెనో అంకె చూపు పానా కొనవలెను. అన్నిటికిని మించి, తాళము వేయదగిన పొడి కొట్టము కావలెను. అద్దెయింటివారికి అదియెక్కడిది? నెలనెల అద్దె. ఇక భీమా. స్వయముగ బిగించిన బండికి భీమా యిచ్చు సంస్థలు వేరుగ నున్నవి. బండి విలువను ముందే యొప్పుకొని పత్రమున వ్రాయించుకొనకున్న, నష్టము వచ్చినపుడు కంట నీరే మిగులును.

ఒక మేలు కూడ చెప్పవలెను. సామాన్యపు కారు దుకాణము గడప దాటిన మరునాడే వెల కోల్పోవును. ఈ జాతి బండ్లు చక్కగ బిగించినవైనచో, వెల నిలుపుకొనుటలో నంతకంటె మేలని పేరు. కాని పేరు వేఱు, మన చేతిలో పడిన సొమ్ము వేఱు. ఎవరో బిగించి కొన్నాళ్ళు తిరిగిన బండిని కొనుట ఇంకొక దారి. మఱియు చౌకదారి యొకటి కలదు. 1996 లో రాన్ చాంపియన్ అనునాతడు 250 పౌనులతో నీవే క్రీడారథమును చేసికొనుమని యొక పుస్తకము వ్రాసెను. పాత కారును విప్పి, దాని ఇంజనును, గేర్లను తీసికొని, ఇనుపగొట్టములతో చట్రమును స్వయముగ అతికి, సెవెన్ వంటి రూపమును తెచ్చుట అందలి పద్ధతి. వేలకొలది జనులు ఆ దారి పట్టిరి. ఐతే అతుకు సరిగ పడనిచో అది రథము కాదు, పాడె. ఈ మాట కఠినమైనను విడువజాలను.

బిగించుట యెట్లందురా? చట్రము, దానిపై రేకుల ఒళ్ళు సిద్ధముగనే వచ్చును. మిగిలిన ఇంజను, గేరుపెట్టె, చక్రములు, స్టీరింగు, బ్రేకులు, దీపములు పెట్టెలలో నుండును. సంస్థవారి బండ్లకైనచో నూరు గంటల పని యని చెప్పుదురు. ఉద్యోగస్థునకు నూరు గంటలన్న, శని ఆదివారములు వరుసగ మూడు నెలలు. ఆ మూడు నెలలు ఇంటి పెద్ద కొట్టములో నుండును. పాపను స్నానము చేయించుట, అంగడికి పోవుట, చుట్టములను చూచుట ఎవరి నెత్తిన పడునో నేను చెప్పనక్కరలేదు.

బిగించినంత మాత్రమున వీథి కెక్కరాదు. ఇంగ్లండున ప్రభుత్వ పరీక్షకుడు ఒక్కొక్క బండిని వేరువేరుగ చూచి ఆమోదింపవలెను. బ్రేకులు నాలుగు చక్రములను సరిగ పట్టుచున్నవా, నడుముపట్టీల కుదుళ్ళు గట్టివా, దీపములు తగిన ఎత్తున నున్నవా, పొగ హద్దు మీరుచున్నదా, వేగము చూపు ముల్లు నిజము చెప్పుచున్నదా అని యొకటొకటిగ చూచును. ఒంటిమీదను లోపలను తగులదగిన అంచు లేవియు పదునుగ నుండరాదు. వాని గుండ్రదనమునకు సయితము మిల్లీమీటర్లలో కొలత యున్నది. బిగించిన నట్టు కొన పొడుచుకొని యున్నను తిరుగగొట్టుదురు. దారిన పోవు పిల్లవానికి గీసికొనునేమోయని ఆ జాగ్రత్త. పరీక్ష నెగ్గిన పత్రముతో స్వాన్సీ నగరమందలి కార్యాలయమునకు వ్రాసికొన్న అంకెపలక వచ్చును. భాగములన్నియు క్రొత్తవైనచో ఆ సంవత్సరపు అంకె నిత్తురు. పాతవి కలిసి, బండి వయస్సు తేలనిచో, ‘క్యూ’ అను అక్షరముతో మొదలగు పలక నిత్తురు. ఆ అక్షరము చూడగనే కొనువాడు వెల తగ్గించి యడుగును.

మన దేశమున ఎవరైన ఈ ముచ్చట పడుదురేమో, ఒక్క మాట. ఇక్కడ ఆ దారి సుగమము కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52 వ విభాగము, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుకొనుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును అదే మాట స్థిరపఱచిరి. కావున పాత బండిపై పందెపు ఒళ్ళు తొడిగించి హైదరాబాదు వీథులలో త్రిప్పుదుమను కుఱ్ఱవాండ్ర తల్లులు ముందుగ రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

ఇక అపాయము. దీనిని దాచి మాటలాడుట ద్రోహము. నేటి కార్లలో ఢీకొన్న క్షణమున పొంగి ప్రాణము కాచు గాలితిత్తు లుండును. ఈ బండిలో అవి లేవు. చక్రములు జారకుండ బ్రేకును తానే సవరించు యంత్రము లేదు. తల వెనుక నొక ఇనుపకమ్మియు, భుజములను బిగించు పట్టీలును మాత్రము రక్ష. బండి బోల్తాపడినచో ఆ కమ్మియే దిక్కు. అన్నిటికంటె ముఖ్యమైనది, పొట్టితనము. లారీ తోలువానికి తన ప్రక్కన నున్న ఈ బండి కనబడకపోవచ్చును. 440 కిలోలది 1,400 కిలోలదానితో ఢీకొన్న ఎవరికి దెబ్బ యెక్కువయో మా మూడవ తరగతి పిల్లలును చెప్పుదురు.

ఇవన్నియు తెలిసినపిమ్మట నా మనసు మరల ‘వలదు’ అనుటకే మొగ్గినది. కాని ఈసారి అమ్మాయికి గాక అల్లునికే ఉత్తరము వ్రాసితిని. వాదింపలేదు. మూడే ప్రశ్నలు వేసితిని. “నాయనా, నీకు కావలసినది ఆ బండిలో తిరుగుటయా? నలుగురు చూచుటయా? లేక దానిని చేయుటయా?”

వచ్చిన సమాధానమును చదివి చాలసేపు మాటలేక కూర్చుంటిని. ఆతడిట్లు వ్రాసినాడు.

“అత్తయ్యగారూ, ఈ ప్రశ్న నన్నింతవరకు ఎవరు నడుగలేదు. మా తాతగారు గోదావరి తీరమున ఎడ్లబండ్లు చేయు వడ్రంగి యని మీకు తెలియదు. మా యింట ఆ మాట చెప్పుకొనుట తగ్గిపోయినది. నాన్నగారు చదివి ఉద్యోగమునకు పోయిరి, నేను ఇంకను దూరము వచ్చితిని. చిన్ననాడు సెలవులలో తాతగారు చక్రమునకు ఇనుపకట్టు వేయుట చూచితిని. కట్టును పిడకలనిప్పులో ఎఱ్ఱగ కాల్చి, చెక్రమున తొడిగి, నీళ్ళు పోయగనే అది బిగిసి ఆకులన్నియు కిఱ్ఱుమనెడివి. ఆ చప్పుడు వినగనే తాతగారు నవ్వెడివారు. పదునాలుగేండ్లుగ నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. నేను చేసినది ఏదియు నా చేతికి తగులలేదు. సాయంకాలము పాప ‘నాన్నా, ఈనాడేమి చేసితివి’ అని యడిగిన చూపుటకు ఏమియు లేదు. తిరుగుట నాకంత ముఖ్యము కాదు. ఒక్కసారి ఒక చక్రమును నా చేతితో ఇరుసున కెక్కించి అది తిరుగుట చూడవలెనని యున్నది.”

ఈ సంగతి మా అమ్మాయికి తెలియునా యని విచారించితిని. తొమ్మిదేండ్ల కాపురమున ఆమెకును తెలియదు. ఆతడు చెప్పలేదు. ఆమె యడుగలేదు. ‘కొందును’, ‘వలదు’ అను రెండు మాటల నడుమనే వారి సంభాషణ నెలదినములు నలిగినది.

సోదరీమణులారా, ఇచ్చట నా తప్పు కూడ నొప్పుకొనవలెను. ఆఱేండ్ల క్రిందట మావారు దూరదర్శిని యొకటి స్వయముగ చేసి బడిపిల్లలకు శనిగ్రహపు వలయములు చూపుదునని బయలుదేరిరి. ఆఱంగుళముల గాజుబిళ్ళలు రెండు తెప్పించి, నడుమ గరుకుపొడియు నీళ్ళును వేసి, ఒకదానిపై నొకదానిని రాత్రులు గంటలకొలది రాచెడివారు. అట్లు రాయగ రాయగ పైబిళ్ళ నడుమ పల్లమేర్పడి అద్దమగునట. వంటయిల్లంతయు బూడిదరంగు బురద. పిల్లవానికి బడిరుసుము కట్టవలసిన నెల యది. “ఈ గాజుపెంకులకు పోసిన సొమ్ముతో వాని రుసుము తీరియుండెడిది” అని నేనొక మాటంటిని. వారు తిరిగి మాటాడలేదు. ఆ బిళ్ళలను పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టిరి. నాటినుండి దూరదర్శిని పేరెత్తలేదు. నేను గెలిచితిననుకొంటిని. అల్లుని ఉత్తరము చదివిననాడు ఆ మూట నాకు గుర్తు వచ్చినది. రుసుము మాట సత్యమే. కాని నేనాడిన తీరు సత్యము కాదు. ఆ నెల కాకున్న మఱునెల చేయుదమని చెప్పవచ్చును గదా! ‘ఇప్పుడు వలదు’ అనుటకును ‘నీకిది వలదు’ అనుటకును మధ్య నున్న దూరము నాకు నాడు తెలియలేదు.

ఇంత తలపోసి ఆ యిరువురకును కలిపి ఒకే యుత్తరము వ్రాసితిని. అందలి ముఖ్యాంశములు మీలో నెవరికైన, బండికి గాకున్న వేఱొక ముచ్చటకైన, ఉపయోగపడునేమోయని యిచ్చుచున్నాను.

1. ఇంటికని దాచిన సొమ్ము ఇంటిదే. దానిలో చేయి పెట్టరాదు. ముచ్చట సొమ్మునకు వేఱుగ ఒక ఖాతా పెట్టుడు. నెలకింతయని ఇరువురు ఒప్పుకొన్నంత మాత్రమే వేయుడు. కోరిక నిజమైనదగునేని ఆ ఖాతా నిండువరకు నిలుచును. నిలువకున్న సొమ్మైన మిగులును.

2. కొనుటకు ముందు ఇట్టి బండి నొకదానిని ఒక దినము అద్దెకు తీసికొని ఇరువురును కలిసి తిరుగుడు. వానలోను, చలిలోను తిరుగుడు. ఎండనాడు ఏ బండియైనను బాగుగనే యుండును.

3. పాపను దానిలో ఎక్కింపరాదు. ఆలుమగ లిరువురు ఒకేసారి దానిలో పెద్దబాటలపై దూరప్రయాణము చేయరాదు. ఇంట పాప యున్నదని మఱవరాదు. బండి రాకముందే ప్రాణభీమా పత్రము సరిచూచుకొనుడు.

4. చేయుటయే కోరికయైనచో, బండితోనే మొదలుపెట్టనక్కరలేదు. ఊరిలో పనివారు కలిసి పనిచేయు కార్యశాలలున్నవేమో విచారించి, పాత ఇంజను నొకదానిని విప్పి బిగించుట నేర్చుకొనుడు. చేయి తిరిగినపిమ్మట పెట్టెలు తెప్పించుట తెలివి.

5. అమ్మాయీ, ఇది నీకు. ఆతడు కొట్టములోను నీవు వంటయింటిలోను నుండినచో ఆ బండి మీ యింట సవతి యగును. పత్రము చదివి వరుస చెప్పుట నీవు చేయుము, బిగించుట ఆతడు చేయును. కైకేయి దశరథుని రథమును యుద్ధరంగమున కాపాడినదని మనము చిన్ననాటినుండి విన్న కథయే గదా! ఐతే తరువాత వరములను మాత్రము ఆమెవలె నడుగకుము.

6. నాయనా, ఇది నీకు. నీ తాతగారి కథను పాపకు చెప్పుము. దానికి సొమ్మక్కరలేదు.

మొన్న అమ్మాయి సమాధానము వచ్చినది. ఒక దినము అద్దెబండిలో ఇరువురును తిరిగిరట. మధ్యాహ్నము వాన పట్టినదట. గుడ్డకప్పు వేయుటకే పావుగంట పట్టినది, అప్పటికి ఇరువురును తడిసి ముద్దయైరి. “పిన్నీ, ఆయన నవ్విన నవ్వు పెండ్లినాటినుండి నేను చూడలేదు. ఐనను నాకు భయము పోలేదు. ప్రక్కన లారీ వచ్చినపుడు దాని చక్రము నడుమ నా ముఖము కనబడినది” అని వ్రాసినది. ఆ రెండు మాటలును నిజమే. ఒకదానికొఱకు రెండవదానిని దాచరాదు. ఇంటి సొమ్ము కదల్చలేదు. వేఱు ఖాతా తెఱచిరి. ఆ లెక్కన పెట్టెలు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టునట. అప్పటికి కోరిక యుండునో లేదో చూతము. ఈలోగ అల్లుడు శనివారముల పాత ఇంజను విప్పు పనిలో చేరినాడు. పాపకు ఎడ్లబండి బొమ్మ యొకటి చెక్కతో చేసి యిచ్చినాడట. చక్రములు కొంచెము వంకర పోవుచున్నవట. అయినను తిరుగుచున్నవి.

నేనేమి చేసితినని యడుగుదురా? నిన్న అటక దులిపితిని. పంచెలో చుట్టిన మూటను దింపి, తుడిచి, మావారి బల్లమీద కాపీ పుస్తకముల ప్రక్క నుంచితిని. వారు సాయంకాలము వచ్చి చూచిరి. బిళ్ళను చేతికి తీసికొని దీపమునకు పట్టి, అంచున నున్న చిన్న పెచ్చును వ్రేలితో తడవిరి. “గరుకుపొడి గడ్డకట్టి యుండును. క్రొత్తది తేవలెను” అనిరి. ఎంతయగునని నేను అడుగలేదు. వచ్చునెల లెక్కలో దానికొక పద్దు వ్రాసితిని.

మీ యిండ్ల అటకలమీద ఇట్టి మూటలేవైన నున్నవా? ఉన్నచో ఎవరి మాటచే ఎక్కినవో, ఏ నెలలో దింపవచ్చునో ఒక్కసారి తలపోయుడు. వచ్చు మాసమున తప్పక బొమ్మల కొలువును గూర్చి వ్రాయుదును.

ఇట్లు,
మీ సోదరి